పెంచమని కాదు, బాకీ కట్టమని అడుగుదాం

మొన్న ఆదివారం సాయంత్రం ఒకావిడ మా ఇంటికొచ్చింది. పాలకొల్లు పక్కన ఊరే. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. చేతిలో ఒక పాత క్యాలెండరు చుట్టి పట్టుకుంది. విప్పి చూపిస్తే ప్రతి తేదీ గడిలోనూ పెన్సిలుతో ఒక గీత, పక్కన ఒక అంకె. గీత ఉంటే ఆ రోజు పన్లోకి వెళ్ళినట్టు. అంకె ఏంటంటే ఎన్ని గంటలు నిలబడి పనిచేసిందో.

"తమ్ముడూ, ఇది దేనికన్నా పనికొత్తదా? మా అమ్మాయి పాత పేపర్లోళ్ళకి ఏసేత్తానంటే లాక్కుని దాచాను" అంది.

"ఎన్నేళ్ళవి ఉన్నాయక్కా?" అన్నాను.

"నాలుగున్నాయి. గోడకి మేకు అదే, క్యాలెండరే మారుద్ది."

ఆవిడ వచ్చిన పని వేరే. తనతో పనిచేసే ఆరుగురు ఆడవాళ్ళు కలిసి, రోజుకి ఇంకో యాభై పెంచమని మేస్త్రిని అడుగుదామనుకున్నారు. ఎలా అడగాలో ఒక కాగితం రాసిపెట్టమని వచ్చింది. ఎంత ఇస్తన్నారని అడిగాను. చెప్పింది. ఆ పనికి సర్కారు కట్టిన కనీస వేతనం కన్నా అది తక్కువ. యాభై పెంచినా ఇంకా తక్కువే.

అప్పుడు నేనన్నాను, "అక్కా, పెంచమని రాయను. బాకీ కట్టమని రాస్తాను."

ఆవిడ నవ్వేసింది. "ఆళ్ళే మాకు బాకీయా? సంకురాత్రికి అడ్వాన్సు తీసుకున్నాం, మేమే ఆళ్ళకి బాకీ!"

ఈ వ్యాసం ఆ నవ్వుకి జవాబు.

పాలకొల్లు కొబ్బరి మార్కెట్టు తెలిసినోళ్ళకి ఒక మాట చెప్తాను. రైతు వెయ్యి కాయలు దింపించి లెక్కబెట్టి తోలాడు. వ్యాపారి తొమ్మిది వందల కాయలకే డబ్బిచ్చాడు. ఆ రైతు వెళ్ళి "బాబ్బాబు, వచ్చే దింపు నుంచి ఇంకో యాభై కాయలకి కూడా డబ్బు వచ్చేలా దయచూడండి" అంటాడా? అనడండి. మా వంద కాయల డబ్బేదీ అని కొట్టు ముందు కూచుంటాడు. మరి కూలోడి దగ్గరకొచ్చేసరికి ఎంచేత మాట మారిపోతుంది? ఎనిమిది గంటలు కొలిచి ఇచ్చాం. దానికి ఇంతకు తగ్గకూడదని చట్టం రేటు కట్టింది. అంతకు తగ్గించి ఇచ్చిన ప్రతి రూపాయీ యజమాని పెట్టెలో ఉండిపోయిన మన డబ్బు. అది తిరిగి ఇమ్మనడం బేరం కిందకి రాదు, వసూలు కిందకి వస్తుంది.

లెక్క వేస్తే గానీ దీని బరువు తెలీదు. రేట్లు పనిని బట్టి, నైపుణ్యాన్ని బట్టి మారతాయి. మన రాష్ట్రంలో కరువు భత్యం కలిపి ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి లేబర్ శాఖ కొత్త రేట్లు వేస్తుంది. తేలిగ్గా అర్థమవడానికి ఒక లెక్క అనుకుందాం. రావాల్సింది రోజుకి 450, ఇచ్చింది 350. తేడా వంద. నెలకి 26 రోజులకి 2,600. ఏడాదికి 31,200. మూడేళ్ళకి 93,600. అలాంటోళ్ళు పదిమంది ఉంటే 9,36,000. రోజుకి వందేగా అనుకున్నది పదిమంది దగ్గర మూడేళ్ళలో తొమ్మిది లక్షల పైచిలుకు అయ్యింది. ఇంత సొమ్ము ఆ పదిమందీ యజమానికి వడ్డీ లేకుండా అప్పిచ్చారు. అప్పిచ్చామని వాళ్ళకే తెలీదు.

ఇంత గట్టిగా ఎంచేత చెప్తన్నానంటే, ఈ దెబ్బ నేనూ తిన్నాను. ఇరవై రెండేళ్ళ వయసులో ఈ చుట్టుపక్కలే ఒక కొట్లో పనిచేశాను. పొద్దున్న ఎనిమిదింటికి తలుపులు తీస్తే రాత్రి పదింటికి వేసేవాళ్ళం. మానేసిన ఎనిమిది నెలలకి, కనీస వేతనం అనేది ఒకటుందని తెలిసింది. అడుగుదామని బయల్దేరితే తెలిసినాయన ఒకాయన "ఆర్నెల్లు దాటిపోయిందిరా, ఇంకెక్కడిది" అన్నాడు. నిజవేననుకుని ఊరుకున్నాను. మూడేళ్ళ తర్వాత పాత పుస్తకాల కొట్లో 1948 కనీస వేతనాల చట్టం చిన్న పుస్తకం దొరికింది. 20వ సెక్షన్లో ఆర్నెల్ల గడువు ఉన్నమాట నిజమే. దాని కిందే ఇంకో వాక్యం ఉంది. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే గడువు దాటాక కూడా అర్జీ తీసుకోవచ్చని. ఆ ఒక్క వాక్యం చదవనందుకు నా డబ్బు పోయింది. అప్పటినుంచి చట్టం పుస్తకాలు వదల్లేదు. ఇంగ్లీషు రాకపోతే డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను.

ఇప్పుడు ఆ చట్టం మారింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. వాటిలో 2019 వేతనాల కోడ్ ఒకటి. 1948 చట్టం దాంట్లో కలిసిపోయింది. కోడ్ల మీద కార్మిక సంఘాలకి చాలా అభ్యంతరాలున్నాయి, నాకూ ఉన్నాయి, కిందకొచ్చి చెప్తాను. ముందు అందులో మన చేతికి అందే పనిముట్లు చూద్దాం. ఎవరు ఇచ్చిన కత్తైనా కొబ్బరికాయ కొట్టడానికి పనికొస్తుంది.

మొదటిది గడువు. ఆర్నెల్లు పోయి మూడేళ్ళయింది. మూడేళ్ళు దాటినా కారణం చూపించి అర్జీ పెట్టుకోవచ్చు. కోడ్ రాకముందు బాకీ కూడా ఉంటే దాన్నీ రాయండి, ఆలస్యానికి కారణమూ రాయండి. కుదరదని వాదించే పని యజమానికి వదిలేయండి.

రెండోది రుజువు. తక్కువ ఇచ్చారని మనం అర్జీ పెడితే, పూర్తిగా ఇచ్చామని చూపించాల్సిన భారం యజమాని మీదే పెట్టింది 59వ సెక్షన్. హాజరు రిజిస్టరు, జీతాల రిజిస్టరు పెట్టడం, వేతన చీటీ ఇవ్వడం ఆయన బాధ్యత. మన దగ్గర కాగితం లేదని భయపడక్కర్లేదు. అలాగని ఉత్త చేతులతో వెళ్ళకూడదు, ఎంచేతంటే దొంగ రిజిస్టరు రాయడం ఈ దేశంలో ఎవరికీ కొత్త కాదు. పెన్సిలు గీతల క్యాలెండరు అక్కడ పనికొస్తుంది. ఫోన్‌పేలో పడిన కూలి డబ్బుల మెసేజీలు, బ్యాంకు పాసుపుస్తకం, మేస్త్రి "రేపు నాలుగింటికి బండి వస్తది" అని పంపిన వాట్సాప్, పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు, అన్నీ దాచండి. ఏ రోజుకారోజు రాసుకున్న లెక్కకి విలువెక్కువ. ఏడాది తర్వాత ఒకేసారి కూచుని రాసింది ఎదుటి ప్లీడరు ఇట్టే పట్టేస్తాడు.

మూడోది మొత్తం. తేడా డబ్బుతో పాటు దానికి పదింతల దాకా పరిహారం వేసే అధికారం ఆ అధికారికి ఉంది. పదింతలూ వచ్చేస్తాయని ఎవరూ ఆశ పెట్టుకోకండి, అది పైహద్దు. ఈ అర్జీలు వినేది గెజిటెడ్ హోదాకి తగ్గని అధికారి. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కోడే చెప్తంది. ఆర్డరు వేశాక కూడా యజమాని కట్టకపోతే, కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్టు వసూలు చేయిస్తారు. శిస్తు బకాయికి జప్తులు ఎలా జరిగేవో మన డెల్టా రైతుల్ని అడగండి, చెప్తారు.

నాలుగోది, ఒక షెడ్డులో ఎంతమంది ఉన్నా అందరికీ కలిపి ఒకే అర్జీ చాలు.

ఇక ఎదుటివాళ్ళు చెప్పే సాకులు. పాతికేళ్ళుగా ఇవే వింటన్నాను.

"మేము ఇవ్వలేదా, కాంట్రాక్టరుకి ఇచ్చేశాం. మేస్త్రిని అడుక్కోండి." మేస్త్రి కట్టకపోతే ఆ సంస్థ యజమానే కట్టాలని 43వ సెక్షన్. అర్జీలో ఇద్దరి పేర్లూ రాయాలి.

"ఇది కిలో లెక్క పని, రోజు కూలి కాదు." కిలో లెక్కకి విడిగా కనీస రేటు కట్టకుండా రోజుకి రేటు కట్టి ఉన్నప్పుడు, ఆ రోజు రేటుకి తగ్గకుండా ఇవ్వాల్సిందే.

"ఈయేల సరుకు రాలేదు, పొండి." ఇది మన రొయ్యల షెడ్ల పాట. తెల్లారగట్ల మూడింటికి లేపి బండెక్కిస్తారు, మధ్యాహ్నానికి సరుకైపోయిందని సగం కూలి చేతిలో పెడతారు. రోజు లెక్కన కనీస రేటు ఉన్న పనిలో, మనిషి చేస్తానన్నా యజమాని పని చూపించలేకపోతే, పూర్తి రోజు కూలి ఇవ్వాలి. మనిషి తనంతట తాను చేయనంటే వేరే సంగతి. అలాగే మామూలు గంటలు దాటి చేయిస్తే ఆ గంటలకి రెట్టింపు. అక్క క్యాలెండరులో గీత పక్కన అంకె ఉంది చూశారా, ఆవిడకి తెలీకుండానే ఓవర్‌టైం పద్దు రాసుకుంది.

"నువ్వే ఒప్పుకుని సంతకం పెట్టావు కదా." కనీస వేతనం వదులుకుంటానని రాసిచ్చిన కాగితం చెల్లదు. పాత చట్టంలోనూ చెల్లేది కాదు, కోడ్‌లోనూ చెల్లదు. తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకుని తర్వాత దాని మీద ఏం రాసుకున్నా హక్కు పోదు. పోదు కదా అని వేలిముద్ర వేసేయకండి మరి.

ఆఖరి సాకు అన్నిటికన్నా పెద్దది, ఇప్పుడు అందరి నోటా ఉన్నది. "అమెరికావోడు సుంకం వేశాడు, మాకే గిట్టుబాటు లేదు." 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసిన మాట నిజం. మన రొయ్యకి పెద్ద కొనుగోలుదారు అమెరికాయే అన్నదీ నిజం. దెబ్బ తగిలింది, చెరువు రైతుకీ తగిలింది. కాదనను. కానీ ఒక్క ప్రశ్న. సుంకం లేని రోజుల్లో ఇచ్చారా? 2024 మార్చిలోనే అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ, చికాగోలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ ఆంధ్రా రొయ్యల షెడ్లలో ఆడవాళ్ళ పని పరిస్థితుల గురించి, చాలని కూలి గురించి ప్రపంచానికి చెప్పాయి. ఎగుమతిదారులు అదంతా అబద్ధం అన్నారు. అప్పటికి సుంకం గోల లేదు.

కష్టకాలం కాబట్టి తక్కువిస్తాం అనే మాట మన సుప్రీంకోర్టు ముందుకి ఎప్పుడో వచ్చింది. 1982లో ఢిల్లీ ఏషియాడ్ ఆటల కోసం స్టేడియాలు కట్టిన కూలీల కేసులో, కనీస వేతనానికి తగ్గించి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందకే వస్తుందని కోర్టు తేల్చింది. ఆకలితో ఒప్పుకోవడం ఇష్టంతో ఒప్పుకోవడం కాదని ఆ తీర్పు సారం. మరుసటేడు, 1983లో, రాజస్థాన్ కరువు పనుల కేసు వచ్చింది. అక్కడ సర్కారే యజమాని. కరువు సాయం కింద పని ఇస్తన్నాం, కనీస వేతనం వర్తించదు అంది. కుదరదంది కోర్టు. కరువొచ్చినప్పుడే కుదరనిది సుంకమొస్తే ఎలా కుదురుతుంది? ఇంకా వెనక్కి, 1957లోనే క్రౌన్ అల్యూమినియం కేసులో, కూలోడికి కనీస వేతనం కూడా ఇవ్వలేని పరిశ్రమకి బతికే హక్కు లేదని చెప్పింది అదే కోర్టు. మన ఊరి భాషలో చెప్పాలంటే, ఎద్దుకి మేత వెయ్యలేనోడు అరక కట్టకూడదు.

ఇప్పుడు కోడ్‌లో మనకి జరిగిన నష్టం. ఇది చాలామంది గమనించలేదు.

పాత చట్టంలో అర్జీ ఎవరు పెట్టొచ్చనే జాబితా పెద్దది. కూలీ, ప్లీడరు, రాతపూర్వకంగా అధికారం ఇచ్చిన రిజిస్టర్డ్ యూనియన్ నాయకుడు, ఇన్స్పెక్టరు. వీళ్ళు కాక అధికారి అనుమతిస్తే ఎవరైనా పెట్టొచ్చు. ఆ "ఎవరైనా"లో నాలాంటోళ్ళం ఉండేవాళ్ళం. చదువుకున్న మేనల్లుడు ఉండేవాడు. కోడ్ జాబితాలో ముగ్గురే ఉన్నారు. కూలీ, ఆ కూలీ సభ్యుడిగా ఉన్న రిజిస్టర్డ్ యూనియన్, ఇన్స్పెక్టరు. ఇన్స్పెక్టరు పేరు కూడా ఇన్స్పెక్టర్ కం ఫెసిలిటేటర్ అయ్యింది. గడువు ఆరు రెట్లు పెంచి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టారు. మూడేళ్ళ గడువు ఉన్నా ఒంటరి మనిషి మూడేళ్ళూ భయపడతానే గడిపేస్తాడు. కాబట్టి యూనియన్‌లో పేరు రాయించుకోవడం ఇక అర్జీలో మొదటి మెట్టు.

శిక్ష సంగతీ చూడండి. పాత చట్టంలో జరిమానా 500 రూపాయలే, కానీ ఆర్నెల్ల దాకా జైలు ఉండేది. ఇప్పుడు మొదటిసారి దొరికితే 50 వేల దాకా జరిమానా, జైలు లేదు. ఐదేళ్ళ లోపు మళ్ళీ దొరికితేనే మూడు నెలల దాకా జైలు లేదా లక్ష జరిమానా. పైగా మొదటి తప్పుకి జరిమానాలో సగం, 25 వేలు, కట్టేసి రాజీ చేసుకోవచ్చు. ఇందాక మనం వేసిన లెక్క పక్కన పెట్టి చూడండి. పదిమంది దగ్గర ఆదా చేసింది 9,36,000. రాజీకి పోయేది 25,000. ఇది చూసి భయపడే వ్యాపారి ఎవడండీ? అంచేత యజమానికి శిక్ష వేయించి చల్లబడదామనుకుంటే మనమే మోసపోతాం. జరిమానా సర్కారుకి పోతుంది. బాకీ వసూలు ఒక్కటే మన ఇంటికొస్తుంది, ఆయనకి తగులుతుంది.

భయం సంగతి దాచను. అక్క అడిగిన మొదటి ప్రశ్నే అది. "రేపట్నించి రావద్దంటే?" కక్షతో పనిలోంచి తీసేయడం పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అన్యాయమైన పద్ధతుల జాబితాలో ఉంది. కానీ రోజుకూలీ విషయంలో "తీసేయలేదు, పని లేదంతే" అని తప్పించుకుంటారు. ఆ ధైర్యం నేను అరువిచ్చేది కాదు. ఒక్కరు పెడితే ఆ ఒక్కర్నీ ఆపేస్తారు. పదహారుమంది పెడితే మర్నాడు పొద్దున్న రొయ్య తల ఎవరు తీస్తారు? ఐసు కరిగిపోద్ది కదా.

అందుకే నా అసలు డిమాండు లేబర్ శాఖ మీద. జాబితాలో ముగ్గురుంటే, ఉద్యోగం పోతుందనే భయం లేనిది ఒక్కరికే, ఇన్స్పెక్టరుకి. మరి ఎప్పుడూ కూలీయే ముందు నడవాలా? షెడ్డుకి వెళ్ళి రిజిస్టరు తీసి, కూలీలతో యజమాని లేని చోట మాట్లాడి, తేడా లెక్కగట్టి, షెడ్డు మొత్తానికి ఒకే అర్జీ ఆయనే వెయ్యొచ్చు. చట్టం చేతిలో పెట్టింది. బ్రిటన్‌లో ఏళ్ళ తరబడి పన్నుల శాఖే ఈ పని చేసింది. తక్కువ ఇచ్చినోళ్ళ లెక్కలు తీసి, తేడా కట్టించి, జరిమానా వేసేది. ఆ కంపెనీల పేర్లు సర్కారు బయటపెట్టేది. కూలీ పేరు గుట్టుగా ఉండేది, కంపెనీ పేరు పేపర్లో పడేది. మన దగ్గర తిరగబడింది. అర్జీ పెట్టినామె పేరు సాయంత్రానికి అన్ని షెడ్లకీ తెలిసిపోద్ది. మళ్ళీ ఎవరూ పన్లోకి పిలవరు. సర్కారు పేదవాడికి పథకం ఇస్తే ఫొటో వేసుకుంటుంది. పేదవాడి సొంత డబ్బు ఇప్పించడానికి కూడా అంత ఉత్సాహం చూపించాలి కదా.

అప్పటిదాకా మనం చేయాల్సింది మనం చేద్దాం. అర్జీ తెలుగులో రాయండి. పేరు, పని, ఎప్పట్నించి చేస్తన్నారు, రోజుకి ఎన్ని గంటలు, ఎంతిచ్చారు, ఎంత రావాలి, తేడా ఎంత, యజమాని, కాంట్రాక్టరు ఎవరు. నెలవారీ లెక్క ఒక కాగితం మీద వేసి జత చేయండి. జిల్లా కేంద్రం భీమవరమే కదా, బస్సెక్కి నలుగురు కలిసి వెళ్ళండి. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా కుర్చీలోంచి లేవకండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచండి. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, పారిశ్రామిక కార్మికులకి 1987 న్యాయసేవల చట్టం కింద ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరు సాయం ఉంది. కోర్టు దగ్గరున్న న్యాయసేవల కమిటీలో అడగండి. మధ్యలో యజమాని మనిషి వచ్చి ఇంత తీసుకుని సరిపెట్టుకోమంటే, ఆ మాట అధికారి ఎదురుగా చెప్పమనండి.

ఆ రోజు అక్కతో కూచుని నాలుగు క్యాలెండర్లూ లెక్కబెట్టాం. ఆవిడ గీతలు చదివింది, నేను కాగితం మీద వేశాను. మొత్తం చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. "దీంతో మా పిల్ల చదువు ఫీజు అయిపోయేది కదరా తమ్ముడూ. వడ్డీకి తెచ్చాను" అంది మెల్లగా. ఇందాకటి నవ్వు లేదు.

అర్జీ ఇంకా వెయ్యలేదు. ఆరుగురిలో ఇద్దరు వెనక్కి తగ్గారు, ఇంట్లో మగాళ్ళు వద్దన్నారంట. కొత్తగా ముగ్గురు వచ్చారు. ఏడుగురయ్యారు. ముందు యూనియన్‌లో పేర్లు రాయించుకుంటన్నారు. పదిహేనైతే బయల్దేరతాం అంటంది అక్క. ఈలోగా ఇంకో పని చేసింది. షెడ్డులో ఆడవాళ్ళందరి చేతా ఇంట్లో గోడకి క్యాలెండరు కట్టించింది.

మీ ఇంట్లో క్యాలెండరు ఉందా? పెన్సిలు తీయండి. ఈయేళ్టి గీత ఈయేలే గీయండి.